వాన నీటి కాలువల తనిఖీ, పూడికతీత: సొంత మనుషులా, ఏఎంసీనా (ఏడాది ఒప్పందమా), అవసరానికి పిలవడమా?

ఒక భవన సముదాయం బాధ్యత నా మీద పడిన కొత్తలో, కాలువలన్నీ శుభ్రం చేశామంటూ కాంట్రాక్టరు మనుషులు ఇరవై దాకా ఫొటోలు పంపారు. ప్రతి ఫొటోలోనూ జాలీ కడిగినట్టుంది. సంతకం పెట్టి బిల్లు పాస్ చేశాను. మొదటి పెద్ద వానకే సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. మర్నాడు ర్యాంపు కింద ఉన్న ఛాంబర్ మూత ఎత్తించి వెదురు కర్ర దించితే రెండు జానలు దిగి ఆగిపోయింది. ఆ ఛాంబర్ లోతు మీటరుకు పైనే. కింద ఉన్నదంతా ఇసుక, సిమెంటు నీళ్లు, ఆకులు కలిసి గట్టిపడ్డ పూడిక. వాళ్లు అబద్ధం చెప్పలేదు, జాలీలు నిజంగానే శుభ్రం చేశారు. మూత ఎత్తి లోపల చూడమని నేను అడగలేదు, వాళ్లు చూడలేదు.

అప్పటి నుంచి పూడిక ఎవరు తీసినా, కొలిచే కర్ర మాత్రం నా దగ్గరే ఉంటోంది. కింది పోలికంతా ఆ కోణంలోనే ఉంటుంది కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

ఎవరిని పెట్టుకోవాలో తేల్చే ముందు

చాలామంది కొటేషన్లు తెప్పించుకోవడంతో మొదలుపెడతారు. అంతకంటే ముందు మీ ప్రాంగణం గురించి నాలుగు సంగతులు తెలియాలి. ఇవి తెలియకపోతే ఏ కొటేషన్ తక్కువో, ఏది ఎక్కువో చెప్పలేం.

మొదటిది, మీ కాలువ మోయాల్సిన నీళ్లు. లెక్క సులువే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 1,000 చదరపు మీటర్ల కాంక్రీటు ప్రాంగణం మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 50,000 లీటర్లు. కాంక్రీటు, తారు దాదాపు ఏమీ పీల్చుకోవు కాబట్టి పదింట తొమ్మిది వంతులు కాలువకే వస్తాయనుకోండి. అంటే సెకనుకు పన్నెండు, పదమూడు లీటర్లు. ఎవరో గంటసేపు ఆపకుండా, సెకనుకో బకెట్ చొప్పున మీ జాలీలో పోస్తున్నట్టు.

దీనికి తోడు చాలామందిని మోసం చేసే విషయం ఒకటుంది. గొట్టం సగం పూడితే సగం నీళ్లయినా పోతాయిలే అనుకుంటాం. పోవు. వాలు అదే ఉన్నా, లోపలి నునుపు అదే ఉన్నా, సగం పూడిన గుండ్రటి గొట్టంలో పూర్తి సామర్థ్యంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే పారుతుంది. దారి సగానికి తగ్గడమే కాదు, మిగిలిన దారిలో నీటికి ఒరుసుకునే అంచు కూడా ఎక్కువవుతుంది. పైగా ఆ పూడిక ఎప్పుడూ నున్నగా ఉండదు.

రెండోది పూడిక చేరే వేగం. అన్ని ఛాంబర్లూ ఒకేలా నిండవు. గేటు దగ్గర లారీలు తిరిగే చోట, మట్టి అంచున్న తోట పక్కన, పెద్ద చెట్ల కింద, ఏదో ఒక నిర్మాణం జరుగుతున్న వైపు వేగంగా నిండుతాయి. వెనక వైపు ఛాంబర్ రెండేళ్లయినా అలాగే ఉండొచ్చు. మంచి ఛాంబర్లలో బయటికి పోయే గొట్టం మట్టానికి కింద కొంత గుంట వదులుతారు, ఇసుక అక్కడ దిగిపోవాలని. ఆ గుంట సగం నిండగానే తీయించాలి. ఇంచుమించు 60 శాతం దాటాక కొత్త పూడిక అందులో నిలవదు. వాన ఉరవడికి పాతది కూడా లేచి గొట్టంలోకి పోతుంది. ఛాంబర్‌లోంచి పూడిక ఎత్తడం గంట పని. అదే గొట్టంలోకి పోయిందంటే మెషిన్ రావాల్సిందే.

మూడోది లోతు. పైన నిలబడి, పొడుగు కర్ర పారతో అందేంత కాలువలా, లేక లోతైన ఛాంబర్లా? లోతైనవి ఉంటే ఒక్క మాట. మనిషి లోపలికి దిగకూడదు, ఎవరు ఏమన్నా సరే. వాన నీటి కాలువే కదా, మురుగు కాదు కదా అంటారు. కుళ్లిన ఆకుల నుంచి, దొంగతనంగా కలిపిన మురుగు నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు ప్రాణం మీదికి వచ్చేంత పెరిగాక ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, ఇక దిగొచ్చు అనుకోవడం అక్కడే ప్రాణం తీస్తుంది. గాలిలో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా అపాయమే, దానికైతే అసలు వాసనే ఉండదు. లోపల పడిపోయిన వాణ్ణి పైకి లాగుదామని దిగిన రెండోవాడు కూడా పోయిన సంఘటనలు ఈ పనిలో ఎన్నో.

నాలుగోది, నీళ్లు నిలిస్తే మునిగేది ఏమిటి? బయట పార్కింగ్‌లో అరగంట నిలిచి పోతే చెప్పులు తడుస్తాయి. సెల్లార్‌లో కరెంటు ప్యానెల్, లిఫ్టు గుంట, పంపులు ఉంటే కథ వేరు. మీరు ఎంత ఖర్చుపెట్టడం సబబో చెప్పేది ఈ ఒక్క ప్రశ్నే.

వీటితో పాటు మీ హద్దు ఎక్కడ ముగుస్తుందో, మీ చివరి ఛాంబర్ నుంచి నీళ్లు ఏ కాలువలో కలుస్తాయో కూడా తెలుసుకుని ఉండండి. బయటి కాలువ నిండి వెనక్కి తన్నుతుంటే లోపల ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. అలాంటి చోట చివర్లో ఒకవైపే తెరుచుకునే మూత పెట్టించాలి.

అవసరం వచ్చినప్పుడు పిలవడం

ఇది అన్నిటికంటే చవకగా కనిపిస్తుంది. ఏడాదంతా ఖర్చు లేదు, నీళ్లు నిలిచిన రోజు ఫోన్ చేస్తే చాలు. చిక్కేమిటంటే మీకు నీళ్లు నిలిచిన రోజే చుట్టుపక్కల అందరికీ నిలుస్తాయి. పూడిక తీసే బండ్లు ఉన్న నాలుగూ ఆ రోజు ఎవరికీ దొరకవు. దొరికినా, నిండా నీళ్లున్న కాలువలో చేసేది అడ్డు తొలగించడమే. పూడిక కింద అలాగే ఉంటుంది, నెల తిరక్కుండా మళ్లీ ఫోన్.

అయినా దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. చిన్న స్థలం, సెల్లార్ లేదు, నేల వాలు బాగుంది, చెట్లు తక్కువ అయితే ఇది సరిపోతుంది. కానీ వానాకాలానికి నెల ముందు ఒకసారి పిలిపించాలి. అంటే పేరుకే అవసరానికి పిలవడం, నిజానికి ఏడాదికొక్కసారి చేయించడం.

సొంత సిబ్బంది

వీళ్లకున్న బలం బయటివాళ్లెవరికీ రాదు. ఏ మూల నీళ్లు ముందు నిలుస్తాయో, ఏ చెట్టు ఏ నెలలో ఆకు రాలుస్తుందో వాళ్లకు తెలుసు. వాన మొదలైన ఐదు నిమిషాల్లో జాలీ మీద పేరుకున్న ఆకుల్ని లాగేయగలిగేది అక్కడున్న మనిషే. వాన మధ్యలో నీళ్లు నిలవడానికి చాలాసార్లు కారణం అంతే: కాలువ ఖాళీగానే ఉంటుంది, జాలీ మీద ఆకులూ కవర్లూ చాపలా పరుచుకుని నీళ్లను దిగనివ్వవు.

బలహీనతలు కూడా చెప్పాలి. ఊడ్చేవాళ్లకీ తోటమాలికీ అప్పటికే ఒంటినిండా పని. కాలువ పని వాళ్ల జాబితాలో ఎప్పుడూ ఆఖరున ఉంటుంది. మీరు చూడనప్పుడు ఊడ్చిన చెత్తంతా జాలీలోకే తోస్తారు, ఎందుకంటే ఎత్తి బండిలో వేయడం కంటే అది తేలిక. ఇది తిట్టి మాన్పించే అలవాటు కాదు. జాలీలకు దగ్గరగా చెత్త డబ్బా పెట్టిస్తే చాలావరకు ఆగుతుంది.

ఇక పరికరాలు. మూత ఎత్తే కొక్కేలు రెండు, పొడుగు పిడి పార, రబ్బరు చేతొడుగులు, గమ్‌బూట్లు, గట్టి టార్చి, తెరిచిన మూత చుట్టూ పెట్టడానికి అడ్డుకోన్లు. ఇవి లేకుండా సొంత సిబ్బందితో చేయిస్తున్నామనడం అన్యాయం. పోత ఇనుప మూతను గునపంతో లేపబోయి కాలి వేళ్ల మీద పడేసుకున్న మనిషిని నేను చూశాను. ఇద్దరు, రెండు కొక్కేలు, నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తడం. అంతకు తక్కువైతే మూత తెరవకండి.

ఏడాది ఒప్పందం

లోతైన ఛాంబర్లు, పొడుగాటి గొట్టాలు ఉన్న చోట జెట్టింగ్ మెషిన్ (గట్టి ఒత్తిడితో నీళ్లు చిమ్మి పూడికను కదిల్చేది), సక్షన్ బండి (పూడికను పీల్చి ఎత్తేది) లేకుండా పని జరగదు. అవి మీరు కొనరు. కాబట్టి పెద్ద ప్రాంగణాలకు ఏదో ఒక రూపంలో ఒప్పందం తప్పదు. మంచి ఒప్పందానికీ చెడ్డదానికీ తేడా ధరలో కంటే అందులో రాసుకున్న మాటల్లోనే ఎక్కువ.

“ఏడాదికి నాలుగు విజిట్లు” అని రాసుకుంటే మీకు నాలుగు విజిట్లే వస్తాయి. మూడు నెలలకొకటి చొప్పున సమానంగా పంచేస్తారు, అందులో ఒకటి నడి ఎండాకాలంలో పడుతుంది. వానలు క్యాలెండర్‌ను సమానంగా పంచుకోవు. వానాకాలానికి ముందు పూర్తి పూడికతీత, మొదటి భారీ వాన తర్వాత వారంలోపు ఒకటి, నడి వానాకాలంలో అవసరాన్ని బట్టి ఒకటి, ఆకు రాలే కాలం ముగిశాక ఒకటి అని రాయించండి.

విజిట్ లెక్కన కాకుండా, ఛాంబర్ లెక్కన డబ్బు కట్టే పద్ధతి నాకు నచ్చుతుంది. ప్రతి ఛాంబర్‌కూ ఒక నంబరు, మూత మీద పెయింటుతో. పని ముందు కర్ర దించి ఒక ఫొటో, పని తర్వాత అదే కర్రతో ఇంకొకటి, నంబరు రెండింట్లోనూ కనిపించాలి. ఈ ఒక్క షరతు పెడితే జాలీ ఫొటోలు రావడం ఆగిపోతుంది. నాకు ఆగింది.

తీసిన పూడిక ఎక్కడికి పోతుందో కూడా రాయించాలి. ఛాంబర్ పక్కనే కుప్పపోసి, ఎండాక తీస్తామంటారు. ఆ రాత్రే వాన వస్తే అంతా మళ్లీ లోపలికే. వాహనాలు తిరిగే చోటు నుంచి తీసిన పూడికలో ఆయిలు, గ్రీజు ఉంటాయి, దాన్ని తోటలో ఎరువుగా వేయనివ్వకండి. ఇక మనిషిని లోపలికి దింపకూడదన్న షరతు కాగితం మీద ఉండాలి, పని జరిగే రోజు మీ మనిషి ఒకడు అక్కడ నిలబడాలి. కాంట్రాక్టరు దింపాడు, మాకు తెలియదు అనే జవాబు ఒక కుటుంబం ముందు నిలబడి చెప్పగలిగే జవాబు కాదు.

తనిఖీ మనది, పూడికతీత వాళ్లది

నా మొగ్గు ఇటువైపే. శుభ్రం చేసేవాళ్లే శుభ్రమైందని సర్టిఫికెట్ ఇచ్చుకునే ఏర్పాటులో ఎంత మంచివాళ్లున్నా జారుడు తప్పదు. జాలీలు, పైపై కాలువలు, నెలకోసారి కర్ర కొలతలు సొంత సిబ్బంది చూస్తారు. ఏ ఛాంబర్ సగం నిండిందో వాళ్లే చెబుతారు, ఆ నంబర్లకే మెషిన్ పిలుస్తాం. నిండనివాటిని ముట్టుకోం, డబ్బు కట్టం.

దీనికి ధర డబ్బు రూపంలో కాదు, మీ టైమ్ రూపంలో పడుతుంది. నోటుబుక్కు తెరిచి నెలనెలా చూసే మనిషి ఉండాలి. ఆ మనిషి మారితే పుస్తకం అటకెక్కే ప్రమాదం ఉంది. మేనేజర్లు ఏటా మారే చోట, నిజం చెప్పాలంటే, గట్టిగా రాసుకున్న ఏడాది ఒప్పందమే మేలు.

| చూడాల్సింది | అవసరానికి పిలవడం | సొంత సిబ్బంది | ఏడాది ఒప్పందం | తనిఖీ మనది, పూడికతీత వాళ్లది |
|---|---|---|---|---|
| వాన మధ్యలో ఆదుకోవడం | దాదాపు లేదు | చాలా బాగు | రాసుకుంటేనే | చాలా బాగు |
| లోతైన ఛాంబర్లు, గొట్టాలు | మెషిన్ దొరికితే | వద్దు | బాగు | బాగు |
| ఖర్చు ముందే తెలియడం | తెలియదు | తెలుస్తుంది | తెలుస్తుంది | కొంతవరకు |
| పని నిజంగా జరిగిందన్న రుజువు | లేదు | మీ కళ్లే | షరతుల్ని బట్టి | కర్ర కొలతలు |
| మేనేజరు మీద భారం | వాన రోజున మొత్తం | ఎక్కువ | తక్కువ | మధ్యస్థం |
| ఎవరికి నప్పుతుంది | చిన్న, వాలున్న స్థలం | లోతులేని కాలువలు | పెద్దది, సిబ్బంది తక్కువ | సెల్లార్ ఉన్న చాలా ప్రాంగణాలు |

తనిఖీ: కంటితోనా, కెమెరాతోనా?

కెమెరా తనిఖీ మంచిదే, కానీ ప్రతి ఏడూ చేయించాల్సిన పని కాదు. మామూలు రోజుల్లో టార్చి, కర్ర, ఒక అద్దం చాలు. రెండు ఛాంబర్ల మధ్య గొట్టం తిన్నగా ఉంటే ఒక చివర టార్చి వేయించి, రెండో ఛాంబర్‌లోకి కర్రకు కట్టిన అద్దం దించి చూడండి. వెలుగు నిండు గుండ్రంగా కనిపిస్తే గొట్టం బాగుంది. కింది భాగం చదునుగా కనిపిస్తే పూడిక. చంద్రవంకలా కనిపిస్తే గొట్టం ఎక్కడో కుంగింది. ఏ వెలుగూ రాకపోతే అప్పుడు కెమెరా గురించి ఆలోచించవచ్చు.

కెమెరాకు ఖర్చుపెట్టడం సబబైన సందర్భాలు నాకు నాలుగు కనిపిస్తాయి: ఎన్నిసార్లు తీసినా ఒకే చోట మళ్లీ అడ్డుపడటం, గొట్టం పోయే దారి మీద నేల కుంగడం, ప్రాంగణానికి కొత్త కాంక్రీటు వేయించబోయే ముందు, కొత్తగా ఒక భవనం బాధ్యత తీసుకునేటప్పుడు. వేర్లు చొరబడటం, అతుకులు జరగడం, పగుళ్లు బయటపడేది ఇందులోనే. అయితే ముందు జెట్టింగ్ చేసి నీళ్లు లేకుండా చూడాలి. బురద నీటిలో తిప్పిన కెమెరా బురద నీటినే చూపిస్తుంది.

కంటికి మాత్రమే దొరికే సంగతి మరొకటుంది. వారం రోజులుగా వాన లేదు, అయినా గొట్టంలోంచి సన్నగా నీళ్లు వస్తున్నాయి. అది వాన నీరు కాదు. సబ్బు నురగ ఉంటే ఎవరిదో వాషింగ్ మెషిన్, దుర్వాసన ఉంటే మురుగు, శుభ్రంగా ఉంటే ఎక్కడో మంచినీటి గొట్టం లీకు కావచ్చు, నేలలోంచి ఊరే నీళ్లు కూడా కావచ్చు. వాన నీటి కాలువలో కలిసింది చాలాచోట్ల ఏ శుద్ధీ లేకుండా చెరువుకో నదికో చేరుతుంది కాబట్టి దీన్ని ఆ రోజే వెతికి పట్టుకోవాలి. గుంట ఉన్న ఛాంబర్లలో నీళ్లు ఎలాగూ నిలుస్తాయి, వారం పది రోజులు చాలు దోమ గుడ్డు పెద్దదై ఎగరడానికి. పూడిక ఆపే గుంటకు ఉన్న లోపం అది. వానలు ఆగాక ఆ గుంటల్ని ఒకసారి తోడించేయండి.

పార, సక్షన్, జెట్టింగ్

లోతులేని కాలువకు పార చాలు. గుంట ఉన్న ఛాంబర్‌కు సక్షన్ సరైనది, పైనుంచే లాగేస్తుంది. గొట్టానికి జెట్టింగ్. కానీ ఒంటరిగా జెట్టింగ్ చేస్తే పూడిక పోదు, ముందున్న ఛాంబర్‌లోకి జరుగుతుందంతే. కింది వైపు ఛాంబర్ నుంచి పైకి పంపి, వెనక్కి లాక్కొచ్చిన పూడికను అక్కడే సక్షన్‌తో ఎత్తాలి. ఇటుక కాలువలు, పగిలిన పాత గొట్టాలు ఉంటే ఆ సంగతి ముందే చెప్పి ప్రెషర్ తగ్గించమనండి.

మీది ఏ రకం ప్రాంగణం?

సెల్లార్ ఉన్న నివాస సముదాయం అయితే ర్యాంపు అడుగున ఉన్న అడ్డ జాలీ మీకు అన్నిటికంటే ముఖ్యం. దాన్ని వానాకాలంలో రోజూ చూడాలి. సెల్లార్ పంపు కూడా ఈ తనిఖీలో భాగమే. బకెట్లతో నీళ్లు పోసి ఫ్లోట్ (నీటి మీద తేలే స్విచ్) లేచి పంపు తనంతట తాను ఆన్ అవుతుందో లేదో చూడండి. స్విచ్ వేసి చూడటం పరీక్ష కాదు.

గోదాములు, లారీలు తిరిగే చోట పూడికలో బరువైన ఇసుక, ఆయిలు ఎక్కువ. ఇక్కడ ఏడాది ఒప్పందం తప్పనిసరి, ఆయిలు వేరుచేసే ఛాంబర్ ఉంటే దానికి వేరే షెడ్యూలు రాయించాలి. చెట్లు దట్టంగా ఉన్న విద్యాసంస్థలాంటి ప్రాంగణానికి మెషిన్ కంటే మనుషులే ఎక్కువ అవసరం. ఆకు రాలే నెలల్లో ఊడ్చేవాళ్లను ఇంకో ఇద్దరిని పెట్టుకుంటే జెట్టింగ్ ఖర్చు చాలావరకు మిగులుతుంది.

లోపల నిర్మాణం జరుగుతుంటే మాత్రం ఏ షెడ్యూలూ పనిచేయదు. పని జరిగినన్నాళ్లూ దగ్గరి ఛాంబర్లను వారానికోసారి కొలవండి, సిమెంటు కలిపిన పాత్రలు జాలీ దగ్గర కడగనివ్వకండి. సిమెంటు లోపల గట్టిపడితే జెట్టింగ్‌కు కూడా లొంగదు.

ఇంకా ఎటూ తేలకపోతే, ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందు ఒక మంచి వాన కురిసేటప్పుడు గొడుగు, సుద్దముక్క, ఫోను పట్టుకుని ప్రాంగణమంతా ఒకసారి తిరగండి. నీళ్లు సుడి తిరుగుతూ దిగే జాలీ బాగున్నట్టు. చుట్టూ మడుగు కట్టి, నెమ్మదిగా బుడగలు వదిలే జాలీని ఫొటో తీసుకోండి. మడుగు ఎంతవరకు వచ్చిందో పక్క గోడ మీద, తడవని చోట, సుద్దతో గీత పెట్టండి. మర్నాడు తెల్లారగానే ముందు ఎత్తించాల్సింది ఆ జాలీ పక్కనున్న ఛాంబర్ మూతే.